పోస్ట్‌గ్రెస్‌లో ‘ఈక్వల్స్ ఎనీ’: ఏళ్ల తరబడి వాడాక

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని టేబుల్ నుంచి, ఇచ్చిన విలువల్లో ఏదో ఒకటి ఉన్న వరుసలు కావాలంటే ముందు గుర్తొచ్చేది ‘ఇన్’ (IN). చేత్తో రాసుకునే క్వెరీల్లో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల్లో) ఇప్పటికీ అదే రాస్తాను, చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ అప్లికేషన్ నుంచి వెళ్లే క్వెరీలకు మాత్రం ‘ఈక్వల్స్ ఎనీ’ (= ANY) తప్ప వేరేది వాడబుద్ధి కావడం లేదు.

ఒక రిపోర్టు స్క్రీన్ ఉందనుకోండి. తెలంగాణలోని 33 జిల్లాల్లో ఎన్నింటినైనా టిక్ చేయొచ్చు. ‘ఇన్’ అయితే మూడింటికి మూడు పారామీటర్లు (క్వెరీకి విడిగా అందించే విలువలు), ఇరవైకి ఇరవై. ఎంపిక మారినప్పుడల్లా క్వెరీ రూపమే మారిపోతుంది, ఒకసారి ప్రిపేర్ చేసి (ముందే సిద్ధపరచి) ఉంచినది మళ్లీ పనికిరాదు. ఒక్కటీ టిక్ చేయకపోతే ఖాళీ బ్రాకెట్లు వెళ్లి సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. ‘ఎనీ’కి జాబితా మొత్తాన్ని ఒకే అర్రేగా, ఒకే పారామీటర్‌లో ఇస్తాం. అర్రే ఖాళీగా ఉంటే వరుసలేవీ రావు, అంతే. పోస్ట్‌గ్రెస్‌లో ఒక క్వెరీకి పారామీటర్లు 65,535 దాటకూడదు. మరో డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే హద్దు 2,100 దగ్గరే. అర్రే పద్ధతిలో ఆ టెన్షనే ఉండదు.

టైపు (విలువ ఏ రకమనేది) విషయంలో మాత్రం జాగ్రత్త. కాలమ్ బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణాంకాల రకం) అయి, డ్రైవర్ (అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) పంపిన అర్రే న్యూమరిక్ (దశాంశాలూ పట్టే రకం) అయితే, పోలిక కోసం పోస్ట్‌గ్రెస్ కాలమ్‌నే న్యూమరిక్‌గా మారుస్తుంది. ఫలితాలు సరిగ్గానే వస్తాయి, కానీ ఆ కాలమ్ మీద ఉన్న ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టుకున్న సూచిక) పనిచేయదు. అందుకే పారామీటర్ పక్కన బిగ్‌ఇంట్ అర్రే అని క్యాస్ట్ (ఈ రకంగా మార్చుకోమనే సూచన) రాయడం నాకు అలవాటైపోయింది.

అసలు ఇబ్బంది ‘ఇవి కాకుండా మిగతావి’ అడిగేటప్పుడు. అక్కడ రాయాల్సింది ‘నాట్ ఈక్వల్స్ ఆల్’ (<> ALL), అంటే జాబితాలో దేనికీ సమానం కానివి. ‘నాట్ ఈక్వల్స్ ఎనీ’ అని రాస్తే, జాబితాలో రెండు వేర్వేరు విలువలున్నా చాలు, ఆ కాలమ్‌లో నల్ (విలువ లేకపోవడం) కాని ప్రతి వరుసా వచ్చేస్తుంది. ఇక జాబితాలోకి ఒక్క నల్ దూరిందా, ‘ఆల్’ అయినా ‘నాట్ ఇన్’ అయినా ఒక్క వరుస కూడా తిరిగి రాదు. నల్‌తో పోలిక నిజమూ కాదు, అబద్ధమూ కాదు కాబట్టి ఏ వరుసా షరతు దాటదు. ఎర్రర్ కూడా చూపించదు, అదే దీనిలో భయపెట్టే విషయం. వదిలేయాల్సిన విలువలు ఇంకో టేబుల్ నుంచి వస్తుంటే నేను ‘నాట్ ఎగ్జిస్ట్స్’ (సరిపోలే వరుస అక్కడ లేదని చూసే షరతు) తప్ప ఇంకేదీ ఒప్పుకోను. కోడ్ రివ్యూలో దీని గురించి వాదించడానికి ఎప్పుడూ సిద్ధమే.

వేగం మీద ఫిర్యాదు లేదు. 2021లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి పెద్ద స్థిర జాబితాలను హ్యాష్ పద్ధతిలో (ఒక్కొక్కటీ పోల్చకుండా) వెతుకుతోంది, 2024 నాటి 17లో బీ-ట్రీ (మామూలుగా వాడే రకం) ఇండెక్స్ ద్వారా ఇలా వెతకడం ఇంకా మెరుగైంది.

నాకు నచ్చనిది ఒకటుంది. ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) జెనెరిక్ ప్లాన్‌కు, అంటే విలువలు చూడకుండా ప్రతిసారీ వాడే ఒకే ప్లాన్‌కు మారితే అర్రేలో ఎన్ని విలువలున్నాయో దానికి తెలియదు, పది ఉంటాయని ఊహించుకుంటుంది. మనం వేలల్లో పంపితే ఆ ప్లాన్ నీరసంగా నడుస్తుంది. అలాంటప్పుడు విలువల్ని టెంపరరీ టేబుల్‌లో వేసి, ‘ఎనలైజ్’ చేసి (అందులో ఏముందో ప్లానర్‌కు తెలిసేలా), అసలు టేబుల్‌తో జాయిన్ చేస్తాను, అంటే కలుపుతాను. జాబితాలో ఒకే విలువ రెండుసార్లు ఉంటే జాయిన్‌లో వరుసలు కూడా రెండుసార్లు వస్తాయి, ‘ఎనీ’లో రావు. కాబట్టి టేబుల్‌లో వేసేటప్పుడే డూప్లికేట్లు తీసేయండి.