లాక్‌డౌన్‌లో మా ప్రెస్సుకి అండగా నిలబడ్డ ఆడిటర్ ఆఫీసు

విజయవాడలో మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లి కార్డుల ఆర్డర్లన్నీ ఆగిపోయి, జీతాలకే కటకటగా ఉంటే పీఎఫ్ ఎలా కట్టాలని టెన్షన్ పడ్డాం. మా ఆడిటర్ గారే ఫోన్ చేశారు. "వంద మంది లోపు సిబ్బంది ఉండి, అందులో 90 శాతం మంది జీతం 15 వేల లోపైతే పీఎఫ్‌లో ఉద్యోగి, యజమాని రెండు వాటాలూ కేంద్రమే కడుతుందండీ. నెలనెలా ఆన్‌లైన్‌లో వేసే పీఎఫ్ రిటర్ను, అదే ఈసీఆర్, మాత్రం ఆపొద్దు" అన్నారు. మార్చి నుంచి ఆగస్టు జీతాల దాకా ఆ భారం తప్పింది.

మా బైండర్ తన పీఎఫ్ నుంచి కోవిడ్ అడ్వాన్స్ అడిగితే, మూడు నెలల బేసిక్, డీఏ లేదా ఖాతాలో 75 శాతం, ఏది తక్కువైతే అదే వస్తుందని, తిరిగి కట్టక్కర్లేదు గానీ రిటైరయ్యేనాటికి ఎంత తగ్గుతుందో లెక్క వేసి మరీ అతనికి చెప్పారు. ఈ ఓపిక నాకు ఎంతో నచ్చింది. ఫీజు కాస్త ఎక్కువే. రిటర్నుల సీజన్‌లో ఫోన్ దొరకడం కష్టం. అయినా చిన్న సంస్థలవాళ్లు నిశ్చింతగా వెళ్లొచ్చు.