పాత హోండా సిటీ వీటెక్‌ని వైజాగ్‌లో రోజూ తిప్పాలా, కవరు కప్పి దాచాలా? ఏది మేలు?

ఈ మధ్య నన్ను ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. పెట్రోల్ బంకులో కుర్రాడు అడుగుతాడు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అడుగుతాడు, కాలేజీ ఫ్రెండైతే ఫోన్ చేసి మరీ, "ఏటి గురూ, ఇంకా ఆ వీటెక్కే తిప్పుతున్నావా, అలాంటి బండి మళ్ళీ దొరుకుద్దా, మంచి కవరు కప్పి లోపల పెట్టుకోక ఈ ఉప్పుగాలిలో ఎందుకురా" అంటాడు. కొత్తగా పాత బండి కొన్నవాళ్ళు ఇంకోలా అడుగుతారు, వారానికోసారి తీస్తే చాలా, రోజూ తీయాలా అని. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఒకచోట రాసి పడేస్తున్నా.

స్పోర్ట్స్ కారంటే రెండు తలుపులే ఉండాలి అని పట్టుబట్టేవాళ్ళతో నాకు పేచీ లేదు, వాళ్ళు ఈ పేరా వదిలేయొచ్చు. మన జీతాలకి అందిన స్పోర్ట్స్ కార్లు మాత్రం ఇవే: 2000లో వచ్చి 2003లో ఆగిపోయిన హోండా సిటీ 1.5 వీటెక్, 106 హార్స్ పవర్. 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6, 100 హార్స్ పవర్. ఇంకా ఫోర్డ్ ఐకాన్ 1.6. ఇరవై ఏళ్ళు దాటిన ఈ బండ్లని యాక్సిలరేటర్ నొక్కితే ఇప్పటికీ కొత్త బండ్లవాళ్ళు అద్దంలో చూసుకుంటారు. నాది వీటెక్, కానీ కింద రాసేది మూడింటికీ వర్తిస్తుంది.

ముందు ఒక విషయం. పాత కార్ల గురించి నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం ఇంగ్లండ్, జర్మనీ, అమెరికా ఉత్తరాది వాళ్ళవి. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. అంటే అక్కడ ఉప్పు ఉండేది రోడ్డు మీద, అదీ నాలుగైదు నెలలే. అందుకని వాళ్ళు చలి మొదలవ్వగానే బండిని కడిగి, ట్యాంకు నింపి, గరాజ్‌లో పెట్టి తాళం వేస్తారు, ఎండలు వచ్చాక తీస్తారు, ఆ పద్ధతి అక్కడికి నూటికి నూరుపాళ్ళు కరెక్టు. మన దగ్గర ఉప్పు రోడ్డు మీద లేదు, గాలిలో ఉంది. పన్నెండు నెలలూ ఉంది. తాళం వేసిన గరాజ్‌లోకి కూడా తలుపు కింద నుంచి వస్తుంది. రోడ్డు నుంచి తప్పించినంత మాత్రాన ఉప్పు నుంచి తప్పించినట్టు కాదు, ఈ ఒక్క తేడా పట్టించుకోకుండా వాళ్ళ పద్ధతి యథాతథంగా ఎండాడలోనో లాసన్స్ బే కాలనీలోనో పెడితే బండి లోపల్నుంచి పోతుంది.

నా లెక్కలో అసలు తేల్చేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ఉప్పు పొడిగా ఉన్నంతసేపు ఇనుముని పెద్దగా ఏం చెయ్యదు. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే మాత్రం ఉప్పు తనంతట తనే తేమ లాక్కుని నీరుకారిపోతుంది, వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు డబ్బా చూస్తే తెలుస్తుంది కదా. వైజాగ్‌లో ఏడాదిలో చాలా రాత్రులు తేమ అంతకంటే పైనే ఉంటుంది. అంటే డోర్ కింద అంచులో, వెనక వీల్ ఆర్చి (చక్రం పైన ఉండే వంపు) లోపలి మడతలో, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలో పేరుకున్న ఆ సన్నటి ఉప్పు పొర రాత్రంతా తడిగా ఉంటుంది, తుప్పుకి కావాల్సింది అదే, తడీ ఉప్పూ గాలీ. పగలు కాస్త ఎండ తగిలి, గాలి ఆడి, ఇంజిన్ వేడి కిందకి పాకితే ఆ తడి ఆరుతుంది. కవరు కింద అది ఆరదు. ఇక్కడే కవరు వేసేవాళ్ళతో నాకు గొడవ. ఆ ప్లాస్టిక్ రకం కవరు రాత్రి తేమని లోపలే పట్టి ఉంచుతుంది, పైగా దాని లోపలివైపు అంటుకున్న దుమ్ము గాలికి పెయింటు మీద రుద్దుకుంటూ ఉంటుంది. పోర్టు దగ్గర్లో, వన్‌టౌన్ వైపు ఉండేవాళ్ళకైతే ఆ దుమ్ములో బొగ్గు పొడి కూడా.

వేడి తగిలితే తుప్పు ఇంకా ఫాస్ట్‌గా పడుతుంది కదా అంటారు కొందరు. నిజమే, తడిగా ఉండి వేడిగా ఉంటే. అరగంట నడిపిన బండి ఆరిపోతుంది, అక్కడ ఆ పాయింటు నిలబడదు.

బాడీ సంగతి అలా ఉంచితే, ఊరికే నిలబెట్టిన బండిలో మిగతావి ఒక్కొక్కటే ఎలా పోతాయో ఆటోనగర్‌లో ఏ మెకానిక్‌ని అడిగినా చెప్తాడు. బ్రేక్ డిస్కు మీద తుప్పు పొర కడుతుంది, రోజూ నడిస్తే ప్యాడే దాన్ని గీకేస్తుంది, నెలలు వదిలేస్తే గుంటలు పడతాయి, ప్యాడ్లని పట్టుకునే కాలిపర్ పిన్నులు పట్టేస్తాయి. హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే వెనక బ్రేక్ షూలు డ్రమ్ముకి అంటుకుపోతాయి (ఎక్కువ రోజులు వదిలేటప్పుడు గేర్‌లో పెట్టి చక్రం కింద రాయి పెట్టడమే నయం). ఏసీ కంప్రెసర్ సీలు ఎండిపోతుంది, గ్యాస్ లీకవుతుంది. టైర్లు ఒకేచోట అణిగి చదునుగా అవుతాయి. వానాకాలంలో స్టీరింగ్ మీద, సీటు బెల్టుల మీద బూజు. ఎలకలు వైర్లు కొరికిన బండి తెచ్చి 'నడపలేదండీ, అసలు కదపలేదు, ఎందుకు స్టార్టవ్వట్లేదు' అని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలి, కదపలేదు కాబట్టే.

ఇప్పుడు దీనికి పెట్రోలు కూడా తోడైంది. బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఈథనాల్ కలిసిన పెట్రోలు, మన బండ్లు తయారైనప్పుడు ఎవరూ దాన్ని ఊహించలేదు. పైపులూ సీళ్ళూ పాతవైతే అది మెత్తబరుస్తుంది, అవి ఎలాగూ మార్చుకోవాల్సిందే. కానీ ఇంకో గుణం ఉంది, ఈథనాల్ గాలిలోని తేమని లాక్కుంటుంది. మన సముద్రపు గాలిలో సగం ట్యాంకుతో రెండు మూడు నెలలు నిలబెడితే అడుగున నీళ్ళు చేరి ఇనప ట్యాంకు లోపల్నుంచి తుప్పుపట్టొచ్చు, అప్పుడు పంపు ఆ చెత్తనే లాగుతుంది. వారం పది రోజుల్లో తాగేసి కొత్తది పోయించుకునే బండికి ఈ బాధ దాదాపు ఉండదు. ఎక్కువ రోజులు ఊరెళ్తున్నారా, ట్యాంకు నిండుగా ఉంచి వెళ్ళండి, లోపల గాలి తక్కువ ఉంటే తేమ కూడా తక్కువే.

మరి రోజూ తిప్పడం మంచిదేనా అంటే, అక్కడా చిక్కులున్నాయి, దాచను. మద్దిలపాలెం జంక్షన్‌లో షేర్ ఆటో ఏ వైపు నుంచి దూరుతుందో ఆ డ్రైవరుకే తెలియదు, బంపరుకి చిన్న దెబ్బ తగిలినా ఈ బండ్లకి కొత్త బంపరు కౌంటర్లో దొరకదు. హెడ్‌లైట్లు, బీడింగులు, డోర్ హ్యాండిళ్ళు ఇవన్నీ పాత బండ్లు విప్పి అమ్మేవాళ్ళ దగ్గర వెతుక్కోవాలి, దొరికినప్పుడు అవసరం లేకపోయినా కొని దాచుకోవాలి. ఇంజిన్ సామాన్ల గురించి నాకంత బెంగ లేదు, హోండా సిటీకి ఇంకా దొరుకుతున్నాయి. పాలియో, ఐకాన్ వాళ్ళకి కొంచెం కష్టం, ఫియట్ కార్లు ఇక్కడ రావడం మానేశాయి, ఫోర్డ్ కూడా 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని చెప్పేసింది, అవి పెట్టుకున్నవాళ్ళు సామాన్లు ముందుగానే సమకూర్చుకోవాలి.

ఇంకో చిక్కు, రోజూ అంటే ఎంత దూరం? ఇంటి నుంచి రైతుబజారుకి రెండు కిలోమీటర్లు వెళ్ళి రావడాన్ని కూడా కొందరు వాడకం అనుకుంటారు. అది నిలబెట్టడం కంటే ఘోరం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే సైలెన్సర్‌లో నీరు అలాగే ఉండిపోతుంది, ఆయిల్లో కూడా తేమ చేరుతుంది, సైలెన్సర్ అడుగున చిల్లులు పడేది అందుకే. కూరగాయలకి స్కూటర్ ఉంది కదా.

అందుకని నా ఓటు వాడకానికే, కానీ ఆఫీసుకి రోజూ తొక్కే వాడకానికి కాదు. రెండు మూడు రోజులకోసారి, ఒక్కసారి తీస్తే కనీసం అరగంట, ఏసీ వేసి, అన్ని గేర్లూ పడేలా. తెల్లారగట్ల భీమిలి రోడ్డు దీనికి ఎంత బావుంటుందో వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, వీటెక్ అసలు గొంతు ఇంజిన్ బాగా వేగంగా తిరిగే పై ఆర్‌పీఎంలో గానీ వినపడదు. నెలకోసారి కుదిరితే శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కించండి, కూలెంట్, బ్రేకులు, క్లచ్చి ఎలా ఉన్నాయో ఒక్క పూటలో తేలిపోతుంది. సముద్రం బాగా పోటు మీదుండి బీచ్ రోడ్డు మీదకి తుంపర కొడుతున్న రోజు మాత్రం ఆ వైపు వద్దు.

ఆదివారం ఒక్కరోజు చాలా అన్నవాళ్ళకి: మధురవాడ లోపలో, పెందుర్తి వైపో, సముద్రానికి దూరంగా ఉంటే చాలు. పైన కప్పు ఉండి నాలుగు వైపులా గాలి ఆడే చోటు ఉంటే ఇంకా నయం. ఆర్కే బీచ్‌కి ఎదురుగా ఉంటే చాలదు.

కడగడం గురించి ఎవ్వరూ అడగరు, నేనే చెప్తా. మన తీరం పక్క కాలనీల్లో చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో రోజూ బండి కడిగితే ఉప్పు కడిగినట్టు కాదు, పూసినట్టు. కుళాయి నీళ్ళు ఒక బకెట్ పట్టుకోండి. పైన మెరుపు కంటే కింద ముఖ్యం, నెలకోసారి ర్యాంపు మీద ఎక్కించి వీల్ ఆర్చిలకి, రన్నింగ్ బోర్డు కింద, డోర్ల అడుగు రంధ్రాలకి నీళ్ళు కొట్టించండి, ఆ రంధ్రాలు మూసుకుపోతే డోర్ లోపల చెరువే. కడిగాక పక్కన పెట్టేయకుండా ఓ రౌండ్ కొట్టి ఆరబెట్టండి. బండి అడుగున వేసే అండర్ కోటింగ్ మంచిదే, కానీ ముందే ఉన్న తుప్పు గీకకుండా పైన నల్ల తారులా పూసేస్తే లోపల అది తన పని తాను చేసుకుంటుంది, ఎవరికీ కనపడదు.

చెట్టు కింద పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో చెట్ల కింద నలిగిన కార్లు చూసినవాళ్ళెవరూ మళ్ళీ చెట్టు నీడ వెతుక్కోరు, రేకుల షెడ్డుకి కూడా నట్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

మిగతా దారులు రెండు ముక్కల్లో. కారుని లోపల పెట్టి ఫ్యానుతో గాలి ఊదే టెంట్లు వస్తున్నాయి, లోపలకి వెళ్ళే గాలిలోనే తేమ ఉంటే అవేం చేస్తాయి, తేమ లాగే డీహ్యూమిడిఫయర్ కూడా పెట్టి కరెంటు బిల్లు కట్టే ఓపిక ఉంటే వేరే మాట. బాడీకి తుప్పే పట్టని స్పోర్ట్స్ కారు కావాలంటే గోవాలో తయారైన శాన్ స్టార్మ్ ఉంది, ఫైబర్ బాడీ, రెండు సీట్లు, రెనో 1.2 ఇంజిన్, దొరికితే నాకూ చెప్పండి. వింటేజ్ నంబరు తీసుకుంటే అయిపోతుంది కదా అనేవాళ్ళకి, 2021 రూల్స్ ప్రకారం దానికి యాభై ఏళ్ళు నిండాలి, పైగా ఆ నంబరుతో మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలు, ర్యాలీల్లాంటి వాటికి మాత్రమే. మన బండ్లకి ఆ ఊసే లేదు.

మనకి మామూలు ఆర్‌సీయే, పదిహేనేళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేసుకోవాలి. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి ఆ రెన్యువల్ ఫీజు పది వేలు చేశారు, గ్రీన్ టాక్స్ వేరే. బండి తిప్పినా, కవరు కింద పడుకోబెట్టినా ఆ పది వేలు అంతే. ఫిట్‌నెస్‌కి తీసుకెళ్ళే ముందు మాత్రం హ్యాండ్‌బ్రేక్ పడుతోందా, హెడ్‌లైట్ అద్దాలు పసుపెక్కాయా, హారన్ మోగుతోందా చూసుకోండి, వారం వారం నడిచే బండికి వీటిలో ఏదున్నా ముందే తెలిసిపోతుంది.