తరగతి గదిలో టచ్ ప్యానెల్: ఒక సైన్సు టీచరు దీర్ఘకాల సమీక్ష

ముందు నా తీర్పు చెప్పేస్తాను. బడికి వచ్చిన పెద్ద టచ్ ప్యానెల్ చాలా మంచి వస్తువు. దాని మీద పిల్లల చెయ్యి పడితేనే ఆ మంచితనం బయటికొస్తుంది. వీడియోలు వేయడానికైతే అంత ఖరీదైన యంత్రం అక్కర్లేదు, మామూలు టీవీ సరిపోతుంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నం వైపున్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. 2023లో బడుల బాగుకు పెట్టిన నాడు-నేడు పథకం కింద మా గదుల్లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు బిగించారు. అప్పటి నుంచి ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు దీన్ని వాడుతున్నాను. పక్కనే నల్లబల్ల కూడా ఉంది. రెండూ పక్కపక్కన ఉండబట్టే ఏ పనికి ఏది నప్పుతుందో తేలిగ్గా తెలిసింది.

మొదటి ఏడాది ఎక్కువగా వీడియో పాఠాలే వేశాం. వీడియో నడుస్తున్నంతసేపూ గది గప్‌చుప్‌గా ఉంటుంది. ఆపి ప్రశ్న అడిగితే ఆ నిశ్శబ్దమే కొనసాగుతుంది. చాలా వీడియోల్లో మాట వేగం ఎక్కువ, భాష పుస్తకాలది, మా పిల్లల చెవికి అలవాటు లేనిది. ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది: మూడు నాలుగు నిమిషాలకు మించని ముక్క తీసుకుంటాను, శబ్దం పూర్తిగా తీసేస్తాను, బొమ్మ నడుస్తుంటే మా ఊరి మాటలో నేనే చెబుతాను. మధ్యలో ఆపి, "ఇప్పుడేటవుద్దో సెప్పండర్రా" అంటే చేతులు లేస్తాయి. వీడియోల గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

అసలు మార్పు ఫెట్ సిమ్యులేషన్లతో, అంటే తెర మీద చేత్తో చేసి చూసే ప్రయోగాలతో వచ్చింది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణంలో 2002లో కార్ల్ వీమన్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. అంతకు ముందు ఏడాదే ఆయన భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నారు. సిమ్యులేషన్లు ఉచితం. చాలావాటికి తెలుగు అనువాదాలున్నాయి, అన్నిటికీ లేవు. పల్లెటూరి బడికి దీని గొప్ప సుగుణం మరొకటుంది. కొత్త తరహా సిమ్యులేషన్లు ఒక్కొక్కటీ ఒకే ఫైలుగా దిగుతాయి, నెట్ లేకుండానే బ్రౌజర్లో తెరుచుకుంటాయి. నేను ఇంట్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటాను.

పదో తరగతిలో విద్యుత్తు పాఠానికి ఏటా ఒక నమ్మకం అడ్డొస్తుంది. రెండు బల్బులను శ్రేణిలో కలిపితే బ్యాటరీకి దగ్గరున్నది ఎక్కువ వెలుగుతుందని పిల్లల లెక్క. "ముందున్న లైటు ఎక్కువ ఎలగాల గదండీ మేస్టారూ, అది తినగా మిగిలిందే గదా ఎనకదానికెల్తాది" అంటారు. ఎంతో సబబుగా ఆలోచించి చెప్పే మాటే అది. ఇంటి సామాను ఏదైనా వాడితే తరుగుతుంది, కరెంటు మాత్రం ఎందుకు తరగదు? రెండు బల్బుల్లోనూ విద్యుత్ ప్రవాహం ఒకటేనని బోర్డు మీద ఎంత రాసినా, పరీక్షలో రాయడానికి ఒప్పుకుంటారు గానీ మనసులో ఒప్పుకోరు.

సర్క్యూట్ కట్టే సిమ్యులేషన్ తెరిచి పక్కకు తప్పుకుంటాను. పిల్లలే వచ్చి తీగలు లాగి, బల్బులు తగిలించి, స్విచ్ వేస్తారు. నీలం చుక్కల్లాంటి ఎలక్ట్రాన్లు వలయమంతటా ఒక్కసారే కదలడం చూస్తారు. తర్వాత ప్రవాహాన్ని కొలిచే అమ్మీటరును మొదటి బల్బుకు ముందొకసారి, రెండింటి నడుమ ఒకసారి, చివర ఒకసారి పెట్టమంటాను. మూడు చోట్లా ఒకే అంకె. అక్కడ గదిలో గుసగుసలు మొదలవుతాయి.

ఆ గుసగుసల దగ్గర ప్యానెల్ ఆపేయాలి. ఇది నా గట్టి అభిప్రాయం. బల్ల మీద నిజమైన సెల్లులు, టార్చి బల్బులు పెట్టి అదే వలయం కట్టిస్తాను. చాలాసార్లు రెండు బల్బులూ సమానంగా వెలగవు! "చూడండి, తెర మీద అబద్ధం" అని ఒకరు తప్పకుండా అంటారు. అప్పుడు బల్బుల చోట్లు మార్చమంటాను. ఎక్కువ వెలిగే బల్బు వెనక్కి వెళ్లినా అదే ఎక్కువ వెలుగుతుంది. కాబట్టి ముందూ వెనకా కాదు కారణం, బల్బులోనే ఉంది. ఒకే దుకాణంలో కొన్నా ఫిలమెంట్లు అచ్చంగా ఒకేలా ఉండవు, శ్రేణిలో నిరోధం ఎక్కువున్నదే ఎక్కువ వెలుగుతుంది. ఈ మాట పిల్లలే పట్టుకున్న రోజున కలిగే ఆనందం ఏ శిక్షణ తరగతిలోనూ నాకు దొరకలేదు. తెర ఒక్కటే ఉంటే ఆ ప్రశ్న పుట్టదు, బల్బులు మాత్రమే ఉంటే ప్రవాహం కనబడదు.

షార్ట్ సర్క్యూట్ మాత్రం తెర మీదే చేయించాలి. అందులో బ్యాటరీకి మంటలొస్తాయి. నిజం సెల్లుతో ఎందుకు చేయకూడదో వేరే చెప్పనక్కర్లేదు. కాంతి వక్రీభవనానికీ ఇలాంటి సిమ్యులేషనే ఉంది. నీటిలోంచి గాలిలోకి లేజరు కిరణాన్ని వంచుకుంటూ పోతే 49 డిగ్రీల దగ్గర అది బయటికి రావడం మానేస్తుంది. గాజుకైతే 42 దగ్గరే. సందిగ్ధ కోణం అనే మాటను నేను ఆ తర్వాతే బోర్డు మీద రాస్తాను.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్టెల్లేరియం. ఆకాశాన్ని ఏ ఊరి నుంచైనా, ఏ తేదీనైనా చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్. పాత ల్యాప్‌టాప్‌లో వేసి ప్యానెల్‌కు కలుపుతాను. మా పిల్లల్లో అరసవల్లి సూర్యదేవాలయం తెలియనివాళ్లుండరు. మార్చి 9 నుంచి 11 వరకు, అక్టోబరు 1 నుంచి 3 వరకు ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని ఇంట్లో వింటూ పెరిగారు. ఏడాదికి రెండుసార్లే ఎందుకు? ఆ తేదీలే ఎందుకు? చాలామందికి ఈ ప్రశ్న తట్టదు, అడిగితే మాత్రం వదలరు.

శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీల ఉత్తరం. డిసెంబరు 22 ఉదయం దగ్గర మొదలుపెట్టి, వారం వారం తేదీ జరుపుకుంటూ సూర్యోదయం ఎక్కడవుతుందో పిల్లల చేత గుర్తు పెట్టిస్తాను. ఆ రోజు సూర్యుడు నేరు తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా లేస్తాడు. జూన్ నాటికి అంతే మేర ఉత్తరానికి జరిగిపోతాడు. దారిలో మార్చి 10న తూర్పుకు 4 డిగ్రీల దక్షిణంగా ఉంటాడు. తిరుగు ప్రయాణంలో అక్టోబరు 2న మళ్లీ దాదాపు అక్కడికే వస్తాడు. ఉత్తరాయణంలో వెళ్తూ ఒకసారి, దక్షిణాయనంలో వస్తూ ఒకసారి. పంచాంగంలో పెద్దలు పలికే మాటలు తెర మీద కదులుతుంటే పిల్లల కళ్లు చూడాలి. ఏడాది కాలాన్ని అయిదు నిమిషాల్లో నడిపించడం సుద్దముక్కకు సాధ్యం కాదు. కిరణాలు లోపలికొచ్చే ఆ గుడి ద్వారాన్ని అంత గురిగా నిలబెట్టిన శిల్పుల గురించి ఆ పీరియడ్ మిగతాదంతా మాట్లాడుకున్నాం. తర్వాత బడి ఆవరణలో కర్ర పాతి నీడలు కొలవడం మొదలుపెట్టారు. మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండే రోజులు మే నెల మధ్యలో ఒకటి, జూలై 30 ప్రాంతంలో ఒకటి. మొదటిది సెలవుల్లో పోతుంది, రెండోదానికి మబ్బు కరుణించాలి.

పిల్లలందరికీ తలో పరికరం లేని బడికి ప్లికర్స్ కార్డులు గొప్ప సాయం. ఒక్కొక్కరికి ఒక కాగితపు కార్డు. జవాబును బట్టి కార్డును నాలుగు వైపుల్లో ఒక వైపుకు తిప్పి పట్టుకుంటారు, టీచరు ఫోన్ కెమెరాతో గదినంతా ఒకసారి చూపిస్తే ఎవరి జవాబేమిటో నమోదవుతుంది. ఒక్కో కార్డు గుర్తు ఒక్కో రకం, అక్షరాలు సన్నవి, కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు. నోరు విప్పని పిల్లలు కూడా జవాబిస్తారు, నాకు దీని విలువంతా అక్కడే. కార్డులను పాత శుభలేఖల అట్టలకు అతికించాం. మెరిసే ప్లాస్టిక్ పూత వేయించవద్దు, వెలుతురు పడితే కెమెరా చదవలేదు.

నల్లబల్లను తీసేయమంటే మాత్రం నేను ఒప్పుకోను. లెక్కను మెట్టు మెట్టుగా చేయడానికి, సూత్రాన్ని రాబట్టడానికి బోర్డే కావాలి. ప్యానెల్ మీద పేజీ నిండితే ముందు రాసింది కనుమరుగవుతుంది. వెనకబడ్డ పిల్లకు మొదటి వరస ఎదురుగా ఉండటం ఎంతో అవసరం. కటకాల కిరణచిత్రాలు కూడా స్కేలు పట్టుకుని చేత్తో గీయాల్సిందే.

నిర్వహణ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా బళ్లలో ప్యానెల్ మూలపడేది దీనివల్లే. మా రకంలో తెర చుట్టూ ఉన్న అంచులో పరారుణ దీపాలు, ఎదురుగా గ్రాహకాలు ఉంటాయి. వేలు ఆ కిరణాలకు అడ్డొస్తే టచ్ తెలుస్తుంది. అంచులో సుద్దపొడి పేరుకుంటే యంత్రం దాన్నే వేలనుకుంటుంది, ఎవరూ ముట్టకపోయినా గీతలు పడతాయి. ప్యానెల్ చెడిపోయిందని అనుకోకండి. మెత్తని బ్రష్షుతో అంచులు నాలుగు వైపులా దులిపి, ఆపి మళ్లీ వేస్తే చాలావరకు కుదురుకుంటుంది. నీళ్లు తెర మీద నేరుగా చల్లకూడదు. బోర్డును తడిగుడ్డతో తుడిస్తే పొడి లేవదు.

ల్యాప్‌టాప్ కలిపేటప్పుడు హెచ్‌డీఎంఐ తీగ బొమ్మను మాత్రమే తెస్తుంది. టచ్ పనిచేయాలంటే యూఎస్‌బీ తీగ కూడా పెట్టాలి. ఈ చిన్న సంగతి తెలియక ప్యానెల్‌ను టీవీలా వాడుతున్నవాళ్లు నాకు ఎందరో ఎదురయ్యారు. తూర్పు కిటికీ ఎండ పొద్దున్న పీరియడ్లలో తెరను తినేస్తుంది, ముదురు రంగు పరదా ఒక్కటి వేస్తే పోతుంది. సముద్రం దగ్గరి బళ్లు ఉప్పుగాలి వల్ల తీగలు పెట్టే రంధ్రాలను మూసి ఉంచడం మంచిది. కరెంటు హెచ్చుతగ్గులకు స్టెబిలైజర్ తప్పనిసరి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ప్లగ్గు పీకి ఇంటికెళ్లండి.

టీచర్లకు ఒక మాట. శిక్షణలో బటన్లు నేర్పుతారు, పాఠం అల్లడం నేర్పరు. మా బడిలో తెలుగు మేడం, లెక్కల మాస్టారు, నేను శనివారం సాయంత్రాలు కూర్చుని ఒకరి పాఠం ఒకరం చూసుకోవడం వల్లే ముందుకెళ్లాం. మొత్తం గదికి ఒక్క తెర ఉన్నప్పుడు ఎవరి వంతు ఎప్పుడన్నది ముందే రాసి గోడకు అంటించండి. లేకపోతే చురుకైన ముగ్గురు మగపిల్లలే ఎప్పుడూ పెన్ను పట్టుకుంటారు, వెనక వరసలో ఆడపిల్లలు చూస్తూ ఉండిపోతారు.

ఇప్పుడు మాకు కావలసింది మరమ్మతు. మా పక్క గదిలో ప్యానెల్ టచ్ పోయి నెలలైంది, సరఫరా చేసిన కంపెనీకి ఫిర్యాదు నమోదు చేస్తూనే ఉన్నాం. మండలానికి ఒక మనిషికి ఈ పని నేర్పించి, విడిభాగాలు జిల్లా కేంద్రంలో ఉంచితే చాలు. అప్పటిదాకా ఆ తరగతి పిల్లలు విద్యుత్తు పాఠం రోజున మా గదికొచ్చి కింద కూర్చుంటున్నారు.