మినీ యూపీఎస్: ఆ నాలుగు పచ్చ లైట్లను నమ్మొద్దు

ఫైబర్ మోడెమ్‌కి, రౌటర్‌కి పెట్టుకునే మినీ యూపీఎస్ ముందువైపు నాలుగు పచ్చ లైట్లుంటాయి. ఏడాది దాటి వాడాక నా గొడవంతా వాటితోనే. కొత్తలో దీన్ని ఎవరడిగినా కొనుక్కోమనే చెప్పేవాణ్ణి. కరెంటు పోతే మోడెమ్‌కి ఆ సంగతే తెలియదు, వీడియో కాల్ ఆగదు. ఆ మాట ఇప్పటికీ నిజమే, ఇంట్లో ల్యాండ్‌లైన్ లేకపోతే.

లోపల ఉన్నవి 2000 ఎంఏహెచ్ 18650 సెల్స్ (గొట్టం ఆకారపు లిథియం బ్యాటరీలు) మూడు, సిరీస్‌లో. మూడింటినీ కూడేసి పెట్టె మీద 6000 అని వేస్తారు. దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 22 వాట్-అవర్లు వస్తాయి, చూడాల్సింది ఆ అంకె. వై-ఫై మోడెమ్ ఒక్కటే అయితే 7–8 వాట్లు లాగుతుంది కాబట్టి కొత్త సెల్స్ మీద రెండున్నర గంటలు వస్తుంది. పక్కన ఇంకో రౌటర్ తగిలిస్తే గంటన్నర కూడా అనుమానమే.

ఇక అసలు సంగతి. రాగి తీగల రోజుల్లో ఫోన్‌కి కావాల్సిన 48 వోల్టులు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేవి, ఇంట్లో కరెంటు ఉన్నా లేకపోయినా ఫోన్ మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు మాత్రమే. గంట మోగించే కరెంటును మోడెమే తయారుచేయాలి. 12 వోల్టులను 70–90 వోల్టుల ఏసీగా మార్చి ఫోన్ పోర్టులోకి పంపాలి. ట్రింగ్-ట్రింగ్ అని మోగిన ప్రతిసారీ మామూలు లోడు మీద ఇంకొన్ని వాట్లు ఒక్కసారిగా పడతాయి.

కొత్త సెల్స్‌కి అదొక లెక్క కాదు. ఏడాది గడిచేసరికి సెల్స్ అంతర్గత నిరోధం పెరుగుతుంది. మంచి 18650కి అది 50 మిల్లీఓమ్‌ల లోపు ఉంటే, అలసిపోయినదానికి నాలుగైదు రెట్లు. మూడు సెల్స్ కలిస్తే ముప్పావు ఓమ్ దాకా వెళుతుంది. ఒకటిన్నర ఆంపియర్లు లాగగానే ఒక వోల్టుకు పైగా అక్కడే పోతుంది. చాలా చవక యూనిట్లలో బూస్ట్ సర్క్యూట్ (వోల్టేజీని పెంచి నిలబెట్టేది) ఉండదు, సెల్స్ వోల్టేజీనే నేరుగా మోడెమ్‌కి ఇస్తాయి. నిండుగా ఉన్నప్పుడు 12.6, సగంలో 11 చిల్లర. అక్కణ్ణుంచి గంట దెబ్బకి 10 దాకా జారితే మోడెమ్ రీస్టార్ట్ అవుతుంది.

బయటికి ఇది కనిపించే తీరు వింతగా ఉంటుంది. కరెంటు లేదు, నెట్ బ్రహ్మాండంగా నడుస్తోంది, లైట్లు మూడో నాలుగో వెలుగుతున్నాయి. ల్యాండ్‌లైన్ ఎత్తితే డయల్ టోన్ వస్తుంది, ఇక్కణ్ణుంచి ఎవరికి చేసినా కలుస్తుంది, ఎందుకంటే రిసీవర్ ఎత్తి మాట్లాడటానికి ఒక వాట్ చాలు. బయటినుంచి ఎవరైనా చేస్తే మాత్రం మొదటి ట్రింగ్‌కే మోడెమ్ పడిపోతుంది. తిరిగి లేచి, పాన్ లైటు (ఫైబర్ కనెక్షన్ దొరికిందని చెప్పేది) నిలబడి, ఫోన్ రిజిస్టర్ అయ్యేసరికి మూడు నాలుగు నిమిషాలు. ఈలోగా చేసినవాళ్లకి అందుబాటులో లేదని వస్తుంది. వాళ్లు మళ్లీ చేస్తారు, మళ్లీ పడిపోతుంది. ఇంట్లోవాళ్లు నెట్ కంపెనీని తిట్టుకుంటారు. కస్టమర్ కేర్‌వాళ్లు మోడెమ్ మార్చినా తేడా ఉండదు.

లైట్లు ఎందుకు మోసం చేస్తాయంటే, అవి కొలిచేది వోల్టేజీని, మిగిలిన శక్తిని కాదు. ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ వోల్టేజీ 12.6 దగ్గరే ఉంటుంది కాబట్టి సెల్స్ సగం చచ్చినా నాలుగూ వెలుగుతాయి. ఒక్క బీప్ పెట్టినా సరిపోయేది.

అందుకే మూడు నెలలకోసారి ఇలా చూడాలి. యూపీఎస్‌కి కరెంటు తీసేసి అరగంట ఆగాలి. పైపై ఛార్జ్ దిగకముందు చేసే పరీక్ష దండగ. తర్వాత మొబైల్లో వై-ఫై మీద వీడియో పెట్టి, ఇంకో మొబైల్‌తో ల్యాండ్‌లైన్‌కి చేసి, ఎత్తకుండా పూర్తిగా మోగనివ్వాలి. మోడెమ్ పవర్ లైటు ఆరి వెలిగిందంటే అనుమానం మొదలు. మల్టీమీటర్ ఉంటే గంట మోగేటప్పుడు అవుట్‌పుట్ వోల్టేజీ చూడండి. 10.8 కంటే కిందికి పోకూడదు.

సెల్స్‌ని నిందించే ముందు పిన్ను చూడాలి. 2.1 మిల్లీమీటర్ల పిన్నుకి 2.5 ప్లగ్గు ఎక్కుతుంది కానీ వదులుగా ఉంటుంది, లోడు పెరగ్గానే తెగుతుంది. రెండోది, యూపీఎస్‌కి మోడెమ్‌తో వచ్చిన 1 ఆంపియర్ అడాప్టరే ఇచ్చారేమో చూడాలి. అది మోడెమ్‌నీ నడిపి సెల్స్‌నీ నింపలేదు. 2 ఆంపియర్లది కావాలి. గోడకి బిగించిన పాతకాలపు గంట ఫోన్, దానికి సమాంతరంగా బెడ్‌రూంలో ఇంకోటి ఉంటే గంట లోడు రెట్టింపవుతుంది. ఒక్క ఎలక్ట్రానిక్ రింగర్ ఫోన్ మిగిల్చితే ముసలి సెల్స్ ఇంకొన్ని నెలలు లాగుతాయి. కార్డ్‌లెస్ అయితే దాని బేస్‌కి వేరే కరెంటు కావాలి, ఈ యూపీఎస్ దానికి పనికిరాదు.

సెల్స్‌ని చంపేది వేడి. బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు అపార్ట్‌మెంట్లలో మోడెమ్‌ని గోడలోని మూత డబ్బాలో పెడతారు, యూపీఎస్‌ని దాని నెత్తినే పెట్టేస్తారు. ఎప్పుడూ నిండుగా, ఎప్పుడూ వెచ్చగా ఉంటే లిథియం సెల్ త్వరగా ముసలిదవుతుంది. యూపీఎస్ కింద, మోడెమ్ పైన, వీలైతే డబ్బా బయట.

సెల్స్ మార్చాలంటే బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డు సందుల్లో స్పాట్ వెల్డింగ్‌తో ప్యాక్ కట్టేవాళ్లున్నారు. మూడూ ఒకే బ్యాచ్‌వి, బీఎంఎస్ బోర్డుతో (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) సహా అడగాలి. సెల్ మీద నేరుగా టంకం వేసేవాళ్ల దగ్గర ఆగొద్దు, ఆ వేడికి సెల్ లోపల దెబ్బతింటుంది.

పెద్ద బ్యాటరీకి వెళ్లే ముందు వీధి సంగతి తెలుసుకోవాలి. అసలైన పాన్ ఫైబర్‌లో ఎక్స్ఛేంజ్ నుంచి ఇంటిదాకా మధ్యలో కరెంటుతో పనే లేదు. కొన్ని భవనాల్లో మాత్రం ఫైబర్ సెల్లార్ స్విచ్ దాకా వచ్చి, పైకి లాన్ కేబుల్ వెళుతుంది. ఆ స్విచ్ ఆగితే మీ దగ్గర ఎంత బ్యాటరీ ఉన్నా ఉపయోగం లేదు. ఏప్రిల్, మే వానలకి చెట్లు కూలి బెస్కామ్ (బెంగళూరు విద్యుత్ సంస్థ) కరెంటు గంటలకొద్దీ పోయినప్పుడు మోడెమ్ మీద ఎర్రగా ఎల్ఓఎస్ లైటు (ఫైబర్‌లో సిగ్నల్ రావట్లేదని చెప్పేది) ఎంతసేపటికి వెలుగుతుందో గమనించండి. అంతకు మించిన బ్యాకప్ వృథా.

జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్లో, మొబైల్‌తోనే పని జరిగే ఇంటికి ఇదే యూనిట్ చాలు. ఆ కాసేపు గ్యాప్‌ని ముసలి సెల్స్ కూడా దాటిస్తాయి. నేను మళ్లీ ఇదే కొంటానా అంటే, మా ఇంట్లో ఊరినుంచి వచ్చే ఫోన్లన్నీ ల్యాండ్‌లైన్‌కే కాబట్టి కొనను. బూస్ట్ సర్క్యూట్‌తో 12 వోల్టులు నిలకడగా ఇచ్చే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ రకం చూస్తున్నాను. దాని మీద కూడా నాలుగు లైట్లే ఉన్నాయి.