శరణార్థి శిబిరంలో తగాదాలకు ఏది మేలు: శాంతి పాఠమా, పెద్దల పంచాయితీనా?

వినాయక నిమజ్జనానికి ముందు పాతబస్తీలో జరిగే శాంతి కమిటీ సమావేశాలు హైదరాబాదు వాళ్లకు కొత్త కాదు. ఇరుపక్షాల పెద్దలు కూర్చుని ఛాయ్ తాగుతూ, ఊరేగింపు ఏ దారిన ఏ వేళకు పోవాలో తేల్చుకుంటారు. దానివల్ల మనసులు మారతాయని అక్కడున్నవారెవరూ అనుకోరు. కానీ 1990 డిసెంబరు అల్లర్లను చూసిన ఊరికి ఆ ఒక్కరోజు సజావుగా గడవడమే పెద్ద విషయం. శరణార్థి శిబిరాల్లో జాతుల తగాదాలను ఎలా తీర్చాలన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ కమిటీలే గుర్తుకొస్తాయి, ఎందుకంటే అక్కడా రెండు దారులే కనిపిస్తాయి: పాఠం చెప్పి మనిషిని మార్చడం, లేదా పెద్దల చేత రాజీ కుదిర్చడం.

పాఠం సంగతి ముందు చూద్దాం. కెన్యాలోని కకుమా, దాదాబ్ శిబిరాల్లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1990ల చివర్లో శాంతి విద్యను మొదలుపెట్టింది. బడిలో వారానికి ఒక పాఠం, పెద్దలకు విడిగా శిక్షణ తరగతులు అన్న పద్ధతిలో, ఎదుటివారి మాట వినడం, ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాలను గుర్తించడం, మధ్యవర్తిత్వం చేయడం వంటివాటిని ఆటలు, చర్చల ద్వారా నేర్పేవారు. ఆలోచన మంచిదే. అయితే కిక్కిరిసిన తరగతిలో నేర్చుకున్నది సాయంత్రానికి గుడిసె చేరిన పిల్లవాడికి, అవతలి తెగ చేతిలో పోయిన బాబాయి కథ వినగానే ఎంతవరకు నిలుస్తుంది? పైగా అక్కడి శరణార్థి ఉపాధ్యాయులకు దక్కేది పూర్తి జీతం కాదు, చిన్న ప్రోత్సాహక భత్యం మాత్రమే. అంతకన్నా మంచి పని దొరికితే బడి వదిలి వెళ్లిపోయేవారిని తప్పుపట్టలేం.

పంచాయితీకి ఈ చిక్కులేవీ లేవు. దాదాబ్‌లోని సోమాలీలలో పెద్దలు కూర్చుని కుదిర్చే రాజీని ‘మస్లహా’ అంటారు. సొంత భాషలో, తెలిసిన మనుషుల మధ్య, త్వరగా తేలుతుంది. ప్రాణనష్టం జరిగితే ‘దియా’ అనే పరిహారం కట్టించి, పగ తరువాతి తరానికి పాకకుండా ఆపుతారు. మన పల్లెల్లో పెద్దమనుషులు తప్పు కట్టించినట్లే. కానీ దీని లోపం కూడా మన పల్లెల్లో చూసినదే: అత్యాచారం కేసుల్ని సైతం రెండు వంశాల మగవాళ్లు పరిహారంతో సరిపెట్టడం, బాధితురాలిని ఎవరూ అడగకపోవడం. ఇలాంటి రాజీని నేను శాంతి అనలేను.

రెండో లోపం గురించి తక్కువగా మాట్లాడతారు. ఇరుపక్షాలూ పెద్దగా ఒప్పుకునే మనిషి ఉంటేనే పంచాయితీ నడుస్తుంది. 1992లో ఏర్పడిన కకుమాలో, 2013 డిసెంబరులో దక్షిణ సూడాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక, ఆ యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన డింకా, నూవెర్ తెగలవాళ్లు ఒకే శిబిరంలో తలదాచుకున్నారు. వాళ్ల మధ్య ఏ పెద్ద మాట చెల్లుతుంది? శిబిరం వాళ్లకూ, చుట్టుపక్కల తుర్కానా పశుపాలకులకూ మధ్య వంటచెరకు కోసం వచ్చే గొడవలదీ అదే పరిస్థితి. కట్టెల దగ్గర మొదలైన మాటామాటా సాయంత్రానికి జాతి పేరు తొడుక్కుంటుంది.

కాబట్టి డబ్బు ఒక్కదానికే సరిపోతే, పిల్లల తరగతి కంటే ముందు పెద్దల శిక్షణకే ఇస్తాను. అందులోనూ పంచాయితీల్లో కూర్చునేవాళ్లకు, వాళ్ల పక్కన ఆడవాళ్లకు. నీళ్లు, కట్టెలు, మేకల తగాదాలు పంచాయితీకి వదిలేయవచ్చు. ఒంటిమీద చేయిపడిన ప్రతి కేసూ పోలీసుకు, కోర్టుకు చేరాలి. పిల్లల పాఠం వద్దని కాదు. ఇంట్లో పెద్దలు మారకపోతే ఆ పాఠం ఒంటరిదవుతుంది.

మన బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలకు ఈ లెక్క కొంచెం మారుతుంది. 1951 శరణార్థి ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు గనుక, అక్కడివి కెన్యాలో మాదిరి ప్రభుత్వం గుర్తించిన శిబిరాలు కావు. గుడిసెల్లో ఉన్నవాళ్లూ ఒకే జాతివాళ్లు. తగాదా వస్తే ఇరుగుపొరుగుతోనో, అద్దె దగ్గరో రావాలి. అందుకే అక్కడ నేను ముందుగా కోరేది, స్థానికులూ రోహింగ్యాలూ కలిసి కూర్చునే ఒక చిన్న కమిటీ, అందులో కనీసం సగం మంది ఆడవాళ్లు.