జాగ్రత్త: డబ్బు కట్టి వాడే డిఫ్ లైబ్రరీని అప్‌డేట్ చేసే ముందు ఇది చదవండి

ఫైళ్ళ మధ్య తేడాలు పట్టే లైబ్రరీకి లైసెన్సు కొని వాడుతున్నారా? కొత్త వెర్షన్ వచ్చింది కదా అని వెంటనే ఎక్కించకండి.

మాకు వచ్చింది చిన్న అప్‌డేటే. వెర్షన్ నంబర్లో మధ్య అంకె మాత్రమే మారింది, అంటే పాత కోడ్ మామూలుగా నడవాలి. నడిచింది కూడా, ఒక్క ఎర్రర్ రాలేదు. కానీ ఖాళీలను పట్టించుకోకుండా పోల్చే ఆప్షన్ ఇదివరకు ఆఫ్‌లో ఉండేది, ఇప్పుడు దానంతటదే ఆన్ అయింది. రిలీజ్ నోట్స్‌లో ఆ ముక్కే లేదు. పైథాన్ ఫైల్లో లైను ముందున్న ఖాళీలు మారితే ప్రోగ్రాం అర్థమే మారిపోతుంది. అలాంటి ఫైళ్ళకు కూడా "తేడా లేదు" అని రిపోర్టు వచ్చింది, రివ్యూ చేసేవాళ్ళు దాన్ని నమ్మి పాస్ చేసేశారు. తేడాలు చూపించడానికి కొన్నదే తేడాను దాచిపెడితే ఇంకెందుకు?

సపోర్టు వాళ్ళను అడిగితే, అల్గారిథం మెరుగుపరిచాం, ఫలితాలు కొంచెం మారడం మామూలే అన్నారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. క, చ అనే రెండు లైన్లు చ, క అయ్యాయనుకోండి. క కదలకుండా చ ముందుకు వచ్చిందనొచ్చు, చ కదలకుండా క వెనక్కి వెళ్ళిందనీ అనొచ్చు. రెండూ సరైనవే. అందుకే తేడాలు వెతికే పద్ధతి 1986 నాటి మయర్స్ అల్గారిథం నుంచి పేషెన్స్‌కో హిస్టోగ్రామ్‌కో (ఇవీ అలాంటి పద్ధతులే) మారితే డిఫ్, అంటే వచ్చే తేడాల జాబితా, వేరుగా కనిపించవచ్చు. ఉన్న తేడాను లేదనడం మాత్రం దీని కిందికి రాదు. పైథాన్‌తో ఉచితంగా వచ్చే డిఫ్‌లిబ్‌లోనూ ఆటోజంక్ అనే సెట్టింగ్ ఉంది. 200 లేదా అంతకన్నా ఎక్కువ అంశాలున్నప్పుడు, 1 శాతం కంటే ఎక్కువగా కనిపించేవాటిని అది జత కలిపేటప్పుడు పక్కన పెడుతుంది. కానీ ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో రాసి ఉంది, వద్దనుకుంటే ఆపుకోవచ్చు.

పాత వెర్షన్‌కి వెళ్దామంటే డౌన్‌లోడ్ లింకే తీసేశారు. బ్యాకప్‌లో కాపీ ఉంది కాబట్టి బయటపడ్డాం.

వెర్షన్‌ను లాక్ ఫైల్లో (ఏ లైబ్రరీ ఏ వెర్షన్ వాడాలో రాసి ఉండే ఫైలు) బిగించి ఉంచండి. డిఫాల్ట్‌ల మీద ఆధారపడకుండా ప్రతి ఆప్షన్‌నూ కోడ్‌లోనే రాయండి. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఒకటుంది: వచ్చిన డిఫ్‌ను పాత ఫైలుకు అప్లై చేసి, కొత్త ఫైలుతో బైటు బైటుకూ సరిపోతుందో లేదో చూడండి. ఖాళీలు మాత్రమే మారిన ఫైళ్ళు, చివర న్యూలైన్ లేనివి, తెలుగు టెక్స్ట్ ఉన్నవి ఈ పరీక్షలో తప్పకుండా పెట్టండి. "క్షి" ఒక్క అక్షరమే అయినా లోపల 4 కోడ్‌పాయింట్లు (యూనికోడ్ సంకేతాలు) ఉంటాయి, కొన్ని లైబ్రరీలు దాన్ని మధ్యలో విరగ్గొడతాయి. రెన్యువల్‌కు డబ్బు కట్టే ముందు పాత వెర్షన్లు ఎంతకాలం అందుబాటులో ఉంచుతారో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.