ఫ్రాంచైజీ తీసుకునే ముందు ఆన్‌లైన్‌లో వెతకడం: చాలాకాలం చేశాక నా సమీక్ష

విశాఖపట్నం మధురవాడలో ఒక టీ ఔట్‌లెట్ పెట్టాలన్న ఆలోచనతో మా బావగారూ నేనూ ఫ్రాంచైజీల (ఒక బ్రాండుకు ఫీజు కట్టి దాని పేరుతో నడిపే దుకాణాల) గురించి ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టి చాలాకాలమైంది. ఆ తర్వాత బంధువుల కోసం, తెలిసినవారి కోసం కూడా అదే పని చేస్తూ వచ్చాను కనుక, ఏ వెబ్‌సైట్ ఎంతవరకు పనికొస్తుందో ఇప్పుడు కొంత నమ్మకంగా చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. ఒక బ్రాండును వద్దనుకోవడానికి ఇంటర్నెట్ గొప్ప సాధనం, కావాలనుకోవడానికి మాత్రం అదొక్కటే చాలదు.

ఎవరైనా ముందు చూసేది ఫ్రాంచైజీలను వర్గాలవారీగా చూపించే లిస్టింగ్ సైట్లనే. పెట్టుబడి, కావలసిన స్థలం, రాయల్టీ (బ్రాండుకు మనం కడుతూ ఉండాల్సిన వాటా) శాతం ఒకేచోట కనిపించడం వాటి ప్రయోజనం. అయితే ఆ వివరాలు రాసి ఇచ్చేది బ్రాండు వారే కనుక వాటిని ప్రకటనలాగే చదవాలి. మనం ఫోన్ నంబరు ఇచ్చిన రోజు నుంచి అడగని బ్రాండ్ల వారు కూడా పిలుస్తూనే ఉంటారు, కాబట్టి ఈ పనికి వేరే సిమ్ ఉంచుకోవడం మేలు. అక్కడ తరచుగా కనిపించే 'పెట్టుబడి 18 నెలల్లో వెనక్కి' అన్న మాటను తప్పకుండా లెక్క వేసి చూడాలి. 15 లక్షలు 18 నెలల్లో తిరిగి రావాలంటే నెలకు సుమారు 83 వేలు మిగలాలి. కప్పుకు నికరంగా 5 రూపాయలు మిగులుతుందనుకున్నా, సెలవన్నది లేకుండా రోజుకు 550 కప్పులకు పైగా అమ్మాలి. ఈ లెక్క వేశాక మా జాబితాలో సగానికి పైగా పేర్లు తీసేశాం.

నాకు అన్నింటికంటే ఎక్కువ మేలు చేసినవి ప్రభుత్వ వెబ్‌సైట్లు. చూడటానికి ఆకర్షణగా ఉండవు, అప్పుడప్పుడు తెరుచుకోవు కూడా, కానీ వాటిలో ఉన్నది ఎవరూ మనకు అమ్మడానికి రాసినది కాదు. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు వెతికితే అది ఎప్పుడు నమోదైందో, చెల్లించిన మూలధనం ఎంతో, డైరెక్టర్లు ఎవరో, ఆస్తుల మీద అప్పులేమైనా ఉన్నాయో తెలుస్తుంది. 'పదిహేనేళ్ల అనుభవం' అని బ్రోచర్‌లో రాసుకున్న సంస్థ నిరుటి ఏడాదే పుట్టిందని అక్కడే బయటపడుతుంది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో బ్రాండు పేరును 43వ తరగతిలో వెతకాలి, ఆహార సేవలన్నీ అందులోకే వస్తాయి. స్థితి 'రిజిస్టర్డ్' అని కాకుండా 'అబ్జెక్టెడ్' (రిజిస్ట్రీ అభ్యంతరం) అనో 'అపోజ్డ్' (ఇతరుల అభ్యంతరం) అనో ఉంటే, మనం లక్షలు పోసి వాడుకోబోయే పేరు మీద వారికే ఇంకా పూర్తి హక్కు రాలేదని అర్థం. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో సంస్థ పేరుతో, డైరెక్టర్ల పేర్లతో కేసులు వెతకవచ్చు. పేరు స్పెల్లింగ్ మార్చి మార్చి చూడాల్సి రావడం విసుగే అయినా, చెక్ బౌన్స్ కేసులు వరుసగా కనిపించాయంటే ఆ విసుగుకు ఫలితం దక్కినట్టే.

జీఎస్టీ పోర్టల్‌ను మాత్రం కొంచెం వేరుగా వాడాలి. కంపెనీ నంబరుతో ఆగిపోకుండా, ఇప్పటికే నడుస్తున్న ఔట్‌లెట్లకు వెళ్లి టీ తాగి, బిల్లు మీద ఉన్న 15 అంకెల, అక్షరాల జీఎస్టీ నంబరు తెచ్చుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది. ఆ దుకాణం ఎప్పుడు నమోదైంది, నమోదు ఇంకా అమలులో ఉందా, రిటర్నులు వేస్తున్నారా అన్నవన్నీ అక్కడ కనిపిస్తాయి.

ఇక ఏ వెబ్‌సైట్ నేరుగా చెప్పనిది, మనం తప్పక తెలుసుకోవలసినది మూతపడిన ఔట్‌లెట్ల సంగతి. అమెరికాలో ఫ్రాంచైజీ ఇచ్చేవారు ఒప్పందానికి కనీసం 14 రోజుల ముందు 23 అంశాల వివరాల పత్రం ఇవ్వాలి. మూతపడిన దుకాణాల లెక్క కూడా అందులో ఉండాలి. మన దేశంలో ఫ్రాంచైజీల కోసం ప్రత్యేక చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం వంటివే ఆధారం. అందువల్ల ఆ లెక్క మనమే కూర్చుకోవాలి. వెబ్‌సైట్ల పాత రూపాలను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో బ్రాండు వెబ్‌సైట్ పాత పేజీలు తెరిచి, రెండు మూడేళ్ల కిందటి ఔట్‌లెట్ల జాబితాను ఇప్పటి జాబితాతో పోల్చితే, మాయమైన చిరునామాలు తేలిపోతాయి. వాటిని గూగుల్ మ్యాప్స్‌లో చూస్తే 'శాశ్వతంగా మూసివేయబడింది' అని ఉంటుంది, లేదా చివరి ఫొటో ఎప్పటిదో ఉంటుంది. ఓఎల్ఎక్స్‌లో అదే బ్రాండు సామగ్రి, 'నడుస్తున్న ఔట్‌లెట్ అమ్మకానికి' అన్న ప్రకటనలు కనిపిస్తే వాటినీ రాసుకోవాలి. అలా అమ్మజూపిన ఒకాయనను గాజువాకలో కలిశాం. "అమ్మకాలు కంపెనీ వాళ్లు చెప్పినంతే ఉన్నాయండీ, మిగులే లేదు," అన్నారు. ఆ ఒక్క మాట అప్పటిదాకా మేము చదివిన బ్రోచర్లన్నిటికంటే విలువైనది.

మిగులు ఎందుకు లేదో కూడా ఆయనే విడమరిచి చెప్పారు. రాయల్టీ లెక్క కట్టేది లాభం మీద కాదు, అమ్మకాల మీద. నెలకు 4 లక్షల అమ్మకం మీద 6 శాతం అంటే 24 వేలు. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిస్తే 28,320 అవుతుంది. 5 శాతం జీఎస్టీ కింద ఉన్న రెస్టారెంట్లకు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ (మనం కట్టిన జీఎస్టీని మనం చెల్లించాల్సిన దానిలో తగ్గించుకునే వీలు) లేదు కాబట్టి ఆ 4,320 కూడా మన జేబులోంచే పోతుంది. లిస్టింగ్ సైట్లలో ఈ సంగతి రాసినవారు నాకు కనిపించలేదు.

మోసాల విషయంలో ఎంత జాగ్రత్త పడినా తక్కువే. పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీ సైట్లు పెట్టి, రిజిస్ట్రేషన్ ఫీజు, ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) ఫీజు అంటూ విడతలవారీగా డబ్బు గుంజుతున్నారు. మన దేశంలో డామినోస్ దుకాణాలను నడిపేది జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ ఒక్కటే, కాబట్టి విడిగా డామినోస్ ఫ్రాంచైజీ ఇప్పిస్తామని ఫోన్ చేసేవారి మాట నమ్మనక్కర్లేదు. డబ్బు పంపేసినవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

స్థలం సంగతి మాత్రం తెరమీద తేలదు. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల పిల్లల వల్ల నడిచే దుకాణం మధురవాడలోనూ అలాగే నడుస్తుందని ఏ వెబ్‌సైట్ హామీ ఇవ్వలేదు. మా వీధిలో పని దినాల రద్దీకి, ఆదివారపు రద్దీకి ఉన్న తేడా అక్కడ నిలబడితేనే తెలిసింది.

చివరికి మిగిలిన బ్రాండ్లన్నిటికీ ఒకే ఈమెయిల్ పంపాం. గత మూడేళ్లలో మూతపడిన మీ ఔట్‌లెట్ల వివరాలు, వాటి యజమానులతో మాట్లాడే వీలు కల్పించగలరా అని అడిగాం. ఎక్కువమంది జవాబివ్వలేదు, కొందరు అడ్వాన్స్ కట్టాక ఇస్తామన్నారు. ఒక చిన్న సంస్థ మాత్రం అడిగినవన్నీ పంపింది, వేబ్యాక్‌లో మేము తీసిన జాబితాతో అవి సరిపోయాయి. దానితోనే ఒప్పందం చేసుకున్నాం. ఔట్‌లెట్ ఇప్పుడు అద్దె, జీతాలు, రాయల్టీ పోను కొంత మిగిలిస్తోంది, మేము వేసుకున్న లెక్కకు దగ్గరగా.